మోకాలు అమ్మది, మాటలు అబ్బాయితో: కీళ్ల మార్పిడి సర్జన్లకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో కీళ్ల మార్పిడి చేస్తున్న సర్జన్లకు, ఆ విభాగాలను నడిపే ఆసుపత్రుల యాజమాన్యాలకు,

నమస్కారం. నేను ఫిజియోథెరపిస్టును. మీరు ఆపరేషన్ చేసి ఇంటికి పంపిన వాళ్ల చేత మోకాలు వంచించడం, వాకర్ పట్టించి నడిపించడం నా పని. మీరు రోగిని థియేటర్లో, వార్డు రౌండ్లలో చూస్తారు. నేను వంటింటి గడప దగ్గర, తడి బాత్‌రూమ్ తలుపు దగ్గర, నిద్ర పట్టని మంచం మీద చూస్తాను. మీ పనితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెబుతున్నాను. ఎక్స్‌రేల్లో ఇంప్లాంట్లు (మీరు అమర్చే కృత్రిమ కీళ్లు) చక్కగా కూర్చుంటున్నాయి, గాయాలు శుభ్రంగా మానుతున్నాయి. నా బాధంతా ఆపరేషన్‌కు ముందు జరగాల్సి ఉండి జరగని ఒక సంభాషణ గురించి.

ఇంటికి వెళ్లిన మొదటి రోజు నేను అడిగే ప్రశ్న ఒకటే. "అమ్మా, డాక్టరుగారు మీకు ఏం చెప్పారు?" జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. "నాకేం చెబుతారు బాబూ, అంతా మా అబ్బాయితోనే మాట్లాడారు."

ఆ అబ్బాయి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. ఎక్స్‌రే ఫొటో వాట్సాప్‌లో ఆయనకు వెళుతుంది. ఆయన తెలిసిన నలుగురిని అడుగుతాడు, ప్యాకేజీలు పోల్చి చూస్తాడు, తనకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో లెక్క వేసుకుంటాడు. ఆ సెలవును బట్టి ఆపరేషన్ తేదీ ఖాయమవుతుంది. పెళ్లికూతురిని అడగకుండా ముహూర్తం పెట్టినట్టు, తేదీ ఖాయమయ్యాక అమ్మకు తెలియజేస్తారు. మీ గదిలోనూ ఇదే తంతు. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చునే ఉంటుంది. "ఆవిడకు షుగర్ ఉందా? ఎన్నాళ్ల నుంచి నొప్పి?" అని పక్కన నిలబడ్డ కొడుకును అడుగుతారు. నలభై ఏళ్లు వ్యవసాయం లెక్కలు నోటి మీద నడిపిన మనిషి, తన మోకాలి విషయం వచ్చేసరికి మాట రాని మనిషి అయిపోతుంది.

పిల్లలను తప్పు పట్టడం లేదు. డబ్బు వాళ్లది, బెంగ కూడా వాళ్లదే. కానీ ఆపరేషన్ అయ్యాక రోజుకు మూడు నాలుగు సార్లు పళ్లు బిగబట్టి మోకాలు వంచాల్సింది ఆవిడ. కీళ్ల మార్పిడికి ఉన్న ప్రత్యేకతే ఇది. అపెండిక్స్ తీస్తే రోగి పడుకుని ఉన్నా కోలుకుంటాడు. మోకాలు మార్చాక పడుకుని ఉంటే అది బిగుసుకుపోతుంది. సగం పని సర్జన్ చేతిలో ఉంటే మిగతా సగం రోగి చేతిలో ఉంది. ఆ సగం పని చేయవలసిన మనిషికి ఆ పని ఏమిటో, ఎంతకాలమో, ఎందుకో ఎవరూ చెప్పకుండా థియేటర్లోకి తీసుకెళుతున్నాం.

ఏం జరుగుతుందో చెప్పకపోతే మనిషి తనకు తోచింది ఊహించుకుంటాడు. "నా పాత చిప్పలు ఏం చేశారు బాబూ?" అని ఒక పెద్దావిడ నన్ను అడిగారు. మోకాలి చిప్పలు ఊడదీసి కొత్తవి బిగించారని ఆవిడ నమ్మకం. నిజానికి తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పైకొసను కొన్ని మిల్లీమీటర్ల మందాన చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేసి, గుజ్జు ఉండాల్సిన చోట గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. చాలామందిలో చిప్ప ఎక్కడిదక్కడే ఉంటుంది. ఒక నమూనా మోకాలు చేతికిచ్చి చూపిస్తే రెండు నిమిషాల్లో అర్థమయ్యే విషయం. అది అర్థమైతే మోకాలు వంచితే లోపల ఏదో విరిగిపోతుందన్న భయం పోతుంది. ఆ భయంతో వ్యాయామం మానేసిన వాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

ఊహలకు మరో ఊట రోడ్డు పక్క హోర్డింగులు. "మరుసటి రోజే నడక", "నొప్పి లేని ఆపరేషన్", ఇప్పుడు కొత్తగా రోబో బొమ్మ. మరుసటి రోజే నడిపిస్తారన్నది నిజమే, చాలాచోట్ల అదే రోజు నడిపిస్తున్నారు కూడా. కానీ వాకర్‌తో మంచం నుంచి తలుపు దాకా నడవడం ఒకటి, బజారుకు వెళ్లి రావడం మరొకటి. హోర్డింగు ఆ తేడా చెప్పదు. రోబో సాయంతో ఇంప్లాంటును మరింత కచ్చితమైన కోణంలో అమర్చవచ్చు. రోగి దాని వల్ల ఏడాది తరువాత మరింత బాగా నడుస్తాడని మాత్రం ఇంకా గట్టిగా రుజువు కాలేదు. అదనంగా డబ్బు కట్టే ఇంటికి ఈ రెండో వాక్యం కూడా చెప్పాలి కదా?

ఇక అసలు సంగతులు. వాపు, మోకాలు వెచ్చగా ఉండడం నెలల తరబడి ఉంటాయి. మొదటి వారాల్లో రాత్రి నిద్ర పట్టదు, పగటి నొప్పి కంటే రాత్రి నొప్పే ఎక్కువ వేధిస్తుంది. కోత పక్కన, మోకాలి బయటివైపు అరచేయంత చోట స్పర్శ తెలియకపోవచ్చు. చర్మానికి వెళ్లే చిన్న నరం కోత దారిలోనే ఉంటుంది కాబట్టి. నడుస్తుంటే టక్కుమని చప్పుడు రావచ్చు, లోహం ప్లాస్టిక్‌కు తగిలే చప్పుడది. కోలుకోవడం ఏడాది దాకా సాగుతూనే ఉంటుంది. మీకు ఇవన్నీ మామూలు విషయాలు. ముందు చెప్పని ఇంట్లో మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో పిడుగు. చర్మం మొద్దుబారితే "నరం కోసేశారు" అంటారు. చప్పుడొస్తే "ఊడిపోయింది" అంటారు. పక్కింటివాళ్ల పిన్నిగారికి నెలకే నొప్పి పోయిందని విని, మీ ఆపరేషన్ చెడిందని తీర్మానించుకుంటారు. అప్పుడు వాళ్లు మీకు ఫోన్ చేయరు, నన్ను అడుగుతారు, లేదా ఊళ్లో ఆర్‌ఎంపీని అడుగుతారు.

కెనడాలోని ఒంటారియోలో మోకాలు మార్పించుకున్న 1,703 మందిని ఏడాది తరువాత అడిగి 2010లో ప్రచురించిన అధ్యయనం మీలో చాలామంది చదివే ఉంటారు. అక్కడ 19 శాతం మంది తమకు తృప్తి లేదన్నారు. ఆ అసంతృప్తికి అన్నిటికంటే గట్టిగా ముడిపడిన కారణం, ఆపరేషన్‌కు ముందు పెట్టుకున్న ఆశలు తీరకపోవడం. ఆశలు ఎలా పుట్టాయో ఎవరూ అడగకపోతే, అవి తీరలేదని తరువాత ఆశ్చర్యపోవడం దేనికి?

మన దగ్గర ఆ ఆశలు నేల మీద ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో రాసిన కరపత్రాలు కుర్చీల బతుకు కోసం రాసినవి. మెట్లు ఎక్కి దిగడానికి, కుర్చీలోంచి లేవడానికి మోకాలు తొంభై, వంద డిగ్రీల పైచిలుకు వంగితే చాలు. మార్చిన మోకాలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది. గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేసుకోవడానికి అది చాలదు. అంటే పీట మీద కూర్చుని వ్రతం, నేల మీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరగడం, పొలంలో కలుపు తీయడం, నమాజులో మోకరిల్లడం, చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థన, నేలబారు మరుగుదొడ్డి, వీటన్నిటి గురించీ ముందే మాట్లాడుకోవాలి. కొన్ని అసలు కుదరవు, కొన్ని కొందరికి కుదురుతాయి, కొన్నిటిని వద్దనే చెబుతారు. మీలోనే ఒకరు వద్దన్నది మరొకరు పర్వాలేదంటారు, అది నాకు తెలుసు. ఏదైనా సరే, తేదీ ఖాయం కాకముందు చెప్పండి. కలుపు కూలి మీద బతికే మనిషికి నొప్పి తగ్గడం ఎంత ముఖ్యమో, వంగి కూర్చోగలగడం అంతే ముఖ్యం. నొప్పి పోయి కూలి కూడా పోతే ఆ బేరం ఆవిడకు సమ్మతమో కాదో ఆవిడే చెప్పాలి.

ఒక రిటైర్డ్ టీచరుగారు ఆపరేషన్‌కు ఒప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక కారణం అలిపిరి మెట్లు. 3,550 మెట్లు నడిచి కొండెక్కాలని మొక్కు. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ముందు పది మెట్లు, తరువాత ఇంటి మేడ, ఆ తరువాత ఊళ్లో గుట్ట అని ఒక దారి వేసేవాళ్లు. లేదా ఆ మొక్కు ఇంకో రకంగా తీర్చుకోమని చెప్పేవాళ్లు. "మోకాలు బాగైతే మీరు మొట్టమొదట ఏం చేయాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్న ఓపీ చీటీ మీద ఒక గడిగా ముద్రించండి. నాకు తెలిసి ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు.

రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చడం గురించి విడిగా చెప్పాలి. ఒకేసారి చేస్తే మత్తు ఒకసారే, ఆసుపత్రి వాసం ఒకసారే, ఖర్చు తక్కువ, అబ్బాయి సెలవు ఒకసారే. ఇవన్నీ నిజమైన లాభాలే. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు, బాగా వయసు మళ్లినవాళ్లకు ఒకేసారి చేయడంలో ప్రమాదం ఎక్కువన్నదీ నిజమే. పైగా ఇంటికి వచ్చాక ఆనుకోవడానికి మంచి కాలు అంటూ ఉండదు. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న మనిషికి, ఇంట్లో ఇద్దరు కోడళ్లున్న మనిషికి ఈ నిర్ణయం ఒకటి కాదు. నేను చూసినంతవరకు ఇది చాలా ఇళ్లలో నిర్ణయంగా రోగి దాకా రానే లేదు. "రెండూ చేసేశారు" అని ఆపరేషన్ అయ్యాక తెలిసినవాళ్లూ ఉన్నారు. సంతకం మాత్రం వాళ్లదే.

సంతకం ప్రస్తావన వచ్చింది కాబట్టి, సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు గుర్తుచేస్తాను. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఒక మహిళకు, బయట ఉన్న ఆమె తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి తొలగించిన కేసు అది. అత్యవసరం కానప్పుడు, స్పృహ వచ్చాక తానే నిర్ణయించుకోగల వయోజనురాలి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని కోర్టు తేల్చింది. చికిత్స ఏమిటి, దాని ప్రయోజనం ఏమిటి, వేరే దారులు ఉన్నాయా, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి తెలిస్తేనే అది అంగీకారం అని చెప్పింది. ముందు రోజు రాత్రి నర్సు తెచ్చిన ఇంగ్లిషు కాగితం మీద, కళ్లజోడు లేకుండా, కొడుకు వేలు పెట్టి చూపిన చోట చేసే సంతకానికి ఆ పేరు ఇవ్వగలమా? తల్లి కూతురి బదులు ఒప్పుకోకూడదన్నప్పుడు, కొడుకు తల్లి బదులు ఎలా ఒప్పుకుంటాడు?

"వేరే దారులు" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. 2015లో డెన్మార్క్ పరిశోధకులు మోకాలి మార్పిడికి అర్హులైన 100 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్‌తో పాటు 12 వారాల వ్యాయామం, అవగాహన, బరువు తగ్గే సలహా, మందులు. రెండో జట్టుకు ఆపరేషన్ తప్ప మిగతావన్నీ. ఏడాది గడిచేసరికి ఆపరేషన్ జట్టే బాగా మెరుగుపడింది, అందులో దాపరికం లేదు. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా ఆ జట్టులోనే ఎక్కువ. రెండో జట్టులోనూ కొంత మెరుగు కనిపించింది. వాళ్లలో నాలుగో వంతు మంది మాత్రమే ఆ ఏడాదిలో ఆపరేషన్‌కు వెళ్లారు. దీన్ని పట్టుకుని ఆపరేషన్లు వద్దనే మూర్ఖుణ్ని కాను, వాటి మీదే నా బతుకు నడుస్తోంది. ఇప్పుడే చేయించుకోవాలా, రెండేళ్లు ఆగవచ్చా అన్న ప్రశ్నకు చోటుందని మాత్రం రోగికి తెలియాలి. వయసు విషయం కూడా చెప్పాలి. మార్చిన మోకాళ్లలో పదింట ఎనిమిది 25 ఏళ్లు పనిచేస్తాయని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో లెక్క వచ్చింది. డెబ్బై దాటాక మార్పించుకున్నవాళ్లలో రెండోసారి ఆపరేషన్ అవసరమయ్యేది దాదాపు 5 శాతానికే. యాభైల తొలినాళ్లలో చేయించుకున్న మగవాళ్లలో అది దాదాపు 35 శాతమని అదే పత్రికలో 2017లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం చెప్పింది. ఉచిత శిబిరంలో ఎక్స్‌రే చూసి యాభై రెండేళ్ల ఆటోడ్రైవర్‌కు తేదీ ఇచ్చేటప్పుడు ఈ అంకె ఆయన చెవిన పడాలి.

మీలో చదువరులైన వారు ఈపాటికి ఒక అభ్యంతరం సిద్ధం చేసుకుని ఉంటారు. ఆపరేషన్‌కు ముందు అవగాహన కల్పించడం వల్ల లాభం ఉందని రుజువు ఏది అని. న్యాయమైన ప్రశ్న. వైద్య ప్రయోగాలను కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2014 సమీక్షలో 18 ప్రయోగాలను, 1,463 మంది రోగులను కలిపి చూసి, మామూలు సంరక్షణ కంటే ఈ అవగాహన తరగతులు నొప్పిని, ఆందోళనను, కదలికను మెరుగుపరుస్తాయో లేదో కచ్చితంగా చెప్పలేమంది. దిగులు, ఆందోళన, అతి ఆశలు ఉన్నవాళ్లకు ఉపయోగపడవచ్చని, హాని మాత్రం పెద్దగా లేదని రాసింది. దీని మీద నాకు రెండు మాటలున్నాయి. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో "మామూలు సంరక్షణ" అంటే అప్పటికే కరపత్రం, డాక్టరుతో మాటలు ఎంతో కొంత ఉన్నవే. దాని మీద మరో తరగతి కలిపితే తేడా చిన్నగా కనిపించడంలో వింత లేదు. మన దగ్గర మామూలు సంరక్షణ అంటే "అంతా మా అబ్బాయితోనే మాట్లాడారు". రెండో మాట మరీ ముఖ్యం. ఉపన్యాసం వినిపించడం వేరు, మనిషిని పనిలోకి దింపడం వేరు. గదిలో కూర్చోబెట్టి గంటసేపు స్లైడ్లు చూపిస్తే ఏమీ మారదని నేనూ నమ్ముతాను. నేను అడుగుతున్నది అది కాదు.

అడుగుతున్నది ఇది. ఆపరేషన్‌కు మూడు నాలుగు వారాల ముందే రోగి పని మొదలుపెట్టాలి. తొడ కండరం బిగించి వదలడం, మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, కాలు నిటారుగా ఎత్తి ఆపడం, పాదం పైకీ కిందికీ ఆడించడం, ఈ నాలుగూ అప్పుడే నేర్చుకోవాలి. వాకర్ పట్టుకోవడం, దాంతో మలుపు తిరగడం, ఏ కాలు ముందు వేయాలన్నది కూడా అప్పుడే. నొప్పి మందుల మగతలో, కొత్త గాయంతో, మొదటిసారి నేర్పితే ఎవరికి వస్తుంది చెప్పండి. ఇంట్లోంచి ఒక్కరిని తోడుగా ఎంచుకోమనండి, ఆ ఎంపిక కూడా రోగిదే. ప్యాకేజీ కట్టే అబ్బాయి వేరు, రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌కు తీసుకెళ్లే కోడలో, చెల్లెలో, భర్తో వేరు. నేర్పాల్సింది ఈ రెండో మనిషికి. చెప్పినదంతా చివర్లో తిరిగి చెప్పించుకోండి. "అర్థమైందా?" అంటే మన పెద్దవాళ్లు డాక్టరు ముందు "అయింది బాబూ" అనే అంటారు. "ఇంటికెళ్లాక మీ చెల్లెలికి ఇది ఎలా చెబుతారో నాకు చెప్పండి" అనండి, ఎంత అందిందో అప్పుడు తేలుతుంది.

ఇన్ఫెక్షన్ విషయంలో రోగి మీకు ఎంత సాయం చేయగలదో మీరు లెక్కలోకి తీసుకుంటున్నట్టు లేదు. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లోపు మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడితే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "గుజ్జు ఇంజెక్షన్" పేరుతో ఏం వేయించుకుందో ఆవిడను సూటిగా అడిగితేనే బయటికి వస్తుంది, కొడుక్కి ఆ సంగతి తెలియదు. పుచ్చిపోయిన పన్ను, పాదాల లోతు పగుళ్లు, వేళ్ల సందుల్లో నాని చెడిన చర్మం, ఇవి ముందే బాగు చేయించుకోవాలి. షుగర్ మూడు నెలల సగటు లెక్క (హెచ్‌బీఏ1సీ పరీక్ష) అదుపులోకి రావాలి. మోకాలి మీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయకూడదు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, తాగే ముసలమ్మలున్నారు. "పొగ తాగుతారా?" అని కాగితంలో ఉన్న ప్రశ్నకు కొడుకు "అబ్బే, లేదండీ" అని గడిలో టిక్కు పెట్టేస్తాడు. చుట్ట గాయం మాననివ్వదని ఆ ముసలమ్మకు నేరుగా చెప్పండి. నిష్కర్షగా చెబితే మానేసినవాళ్లను నేను చూశాను, వాళ్లకు ఎవరూ చెప్పకపోవడమే చూడలేకపోతున్నాను.

ఇల్లు కూడా ముందే సర్దుకోవాలి. నులకమంచం పనికిరాదు, ఎత్తైన గట్టి మంచం కావాలి. చేతులున్న కుర్చీ, కమోడ్ కుర్చీ, రాత్రి లైటు. కాళ్లకు అడ్డం పడే పట్టాలు, తివాచీలు తీసేయాలి. బావి గట్టు దగ్గర స్నానం కొన్నాళ్లు కట్టిపెట్టాలి. ఇదంతా ఆపరేషన్ అయి అంబులెన్సు ఇంటి ముందు ఆగాక మొదలుపెడితే ఆ హడావుడిలోనే మనిషి పడిపోతుంది.

ఇంటికొచ్చాక జరిగేది చూడండి. ఒక పెద్దావిడ సుఖంగా ఉందని నెల రోజులు మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకున్నారు. ప్రేమగా ఆ దిండు సర్దింది మనవరాలే. కాలు నిటారుగా చాపలేని స్థితికి వచ్చాక నన్ను పిలిచారు. మడమ కింద పెట్టాల్సిన దిండు మోకాలి కింద పెట్టారు, అంతే తేడా. డిశ్చార్జి కాగితంలో దిండు మాట లేదు. ఉన్నా అది ఇంగ్లిషులో ఉంది, మనవరాలు తెలుగు మాధ్యమం. మరో ఇంట్లో కుట్ల దగ్గర చెమ్మ కనిపిస్తే ఊళ్లోనే వారం రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వేయించారు, పైన ఆకు కట్టు. గాయం కారితే గంటల్లో సర్జన్‌కు చేరాలని, సొంతంగా మాత్రలు వేస్తే లోపలి ఇన్ఫెక్షన్ కప్పబడి పరీక్షకు కూడా దొరకదని ఎవరు చెప్పారు వాళ్లకు? పిక్క వాచి నొప్పి పుడితే, హఠాత్తుగా ఆయాసం వస్తే ఏం చేయాలో ఎవరు చెప్పారు? తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక్క పేజీ చాలు. దాని మీద ఒక ఫోన్ నంబరు, ఎత్తే మనిషి ఉన్న నంబరు.

ఆ పేజీ వెనక ఇంప్లాంట్ స్టిక్కర్ అంటించండి. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో కంపెనీ పేరు, బ్యాచ్ సంఖ్య ఉన్న స్టిక్కర్లు ఉంటాయి, అవి మీ కేసు షీటులోకి వెళుతున్నాయి. రోగి చేతికి వెళ్లడం లేదు. ఇది ఎందుకు ముఖ్యమో తుంటి కీళ్ల కథ మనకు నేర్పింది. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డిప్యూ తన ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో దాదాపు 4,700 మందికి అవి అమర్చారు. కేంద్రం వేసిన నిపుణుల సంఘం నివేదిక బయటికి వచ్చిన 2018 నాటికి కూడా వారిలో 3,600 మందికి పైగా ఎక్కడున్నారో తెలియలేదు. ఒంట్లో ఏ కంపెనీ లోహం ఉందో తెలియని మనిషికి, ఆ లోహం చెడ్డదని పేపర్లో వచ్చినా అది తన గురించేనని ఎలా తెలుస్తుంది? 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు, కోబాల్ట్ క్రోమియం లోహపు రకానికి 54,720 రూపాయలని చెప్పడంతో ఊరుకోలేదు. బిల్లులో ఇంప్లాంట్ ధర, బ్రాండు, తయారీదారు, బ్యాచ్ సంఖ్య విడిగా చూపాలని కూడా ఆదేశించింది. ప్యాకేజీ అన్న ఒక్క మాట కింద అవన్నీ మళ్లీ మాయం కాకూడదు.

"ఓపీలో అంతమంది ఉంటే ఒక్కొక్కరితో ఇంతసేపు ఎలా?" అంటారు. మీరే మాట్లాడనవసరం లేదు. మీరు పది నిమిషాలు ఇవ్వండి, కొడుకును బయట కూర్చోబెట్టి కాదు, పక్కన కూర్చోబెట్టే, కానీ ఆవిడ ముఖం చూస్తూ. మిగతా గంట నర్సు, ఫిజియోథెరపిస్టు చూసుకుంటారు. అప్పటికే ఆపరేషన్ చేయించుకుని ఏడాదైన ఒక పాత రోగిని ఆ తరగతికి పిలవండి. మేమంతా కలిసి చెప్పినదానికంటే ఆవిడ చీర కాస్త పైకెత్తి మచ్చ చూపించి "మొదటి రెండు వారాలు నరకమే తల్లీ, తరువాత సర్దుకుంటుంది" అన్న మాట బాగా పనిచేస్తుంది. ఇంకో భయం కూడా విన్నాను. ప్రమాదాలన్నీ చెబితే రోగి బెదిరిపోయి పక్క ఆసుపత్రికి వెళ్లిపోతుందని. వెళ్లేవాళ్లు కొందరు వెళతారు. ఎవరో ఒక్కరే చెబుతున్నంత కాలమే ఆ భయం, అందరూ చెబితే ఉండదు. అందుకే ఈ లేఖ ఒక ఆసుపత్రికి కాక మీ అందరికీ రాస్తున్నాను.

మా దగ్గర ఇవన్నీ ఇప్పటికే ఉన్నాయనేవారు మీలో కొందరు ఉంటారు. మంచిది. అయితే మీ తెలుగు పుస్తకాన్ని ఆసుపత్రి పేరు చింపేసి అయినా జిల్లా ఆసుపత్రులకు, చిన్న నర్సింగ్ హోములకు ఇవ్వండి. లేనివారు మీ ఊళ్లోని ఫిజియోథెరపిస్టులను పిలవండి. శనివారం మధ్యాహ్నాలు మాలో చాలామందికి ఖాళీయే, వస్తాం. ఒక గది, ఒక నమూనా మోకాలు, కొన్ని కుర్చీలు మీరు ఏర్పాటు చేయండి. ఆ కుర్చీలు మాత్రం చేతులున్నవి, కాస్త ఎత్తైనవి చూడండి. వచ్చేవాళ్లందరికీ మోకాళ్ల నొప్పులే.

ఇట్లు,
ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయించే ఒక ఫిజియోథెరపిస్టు